తుపాకీతో ఇచ్చిన తాడు

మా ఆయన ఫల్గుణకి కాలు నిలవదు. మామూలు రోజుల్లోనే అంత, ఇక కొండ మీద మామిడి పూత రాలడం మొదలైతే చెప్పక్కర్లేదు. అన్నం తింటూ తింటూ లేచిపోతాడు. కూర్చున్న చోట కాలి బొటనవేలితో నేల తవ్వుతాడు. మేకల్ని కట్టినవాడు మళ్ళీ విప్పుతాడు, విప్పినవాడు మళ్ళీ కడతాడు. "కాలుకాలిన పిల్లిలాగ ఏటిరా ఆ తిరుగుడు?" అని మా అత్త సోములమ్మ తిడుతుంది. ఎందుకు తిరుగుతున్నాడో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఇటుకల పండగ దగ్గర పడుతోంది.

ఇటుకల పండగంటే మా హుకుంపేట కొండల్లో చైత్రమాసంలో వచ్చే వేట పండగ. విత్తనాలూ, విల్లంబులూ నిసాని దేవత రాయి ముందు పెట్టి మొక్కుకుని మగవాళ్ళంతా అడవికి పోతారు. జంతువు పడిందా, డప్పు కొట్టుకుంటూ దిగుతారు. దాని నెత్తురు చుక్క విత్తనాల్లో కలుపుకుంటాం. ఉత్త చేతులతో వచ్చారా, ఊరి మొగదల ఆడవాళ్ళం పేడనీళ్ళ కుండలతో కాచుకుని ఉంటాం. నెత్తిన కుమ్మరించి నోటికొచ్చినట్టు ఎగతాళి చేస్తాం. ఆ రోజు ఎవరికీ కోపం రాకూడదు. వేటకి ముందు నడిచే ఇంటి కోడలే మొదటి కుండ పొయ్యాలి. ముందు నడిచే ఇల్లు మాది. ఆ కోడల్ని నేను.

వరసగా రెండేళ్ళు నా మొగుడి నెత్తిన నేనే పేడ పోశాను. మొదటి ఏడాది నవ్వుతూ పోశాను. రెండో ఏడాది పొరుగింటి గాసి పెళ్ళాం నా పక్కనే నిలబడి, "బాగా పొయ్యే కనకా! తుపాకీ ఇంటోడికి ఏటేటా తలంటు ఉండాల గదా," అంది. జనం పడీపడీ నవ్వారు. ఫల్గుణ నవ్వలేదు. నాకు ఆవిడ జుట్టు పట్టుకోవాలనిపించింది గానీ, ఆ రోజు కోపం రాకూడదు కదా.

మమ్మల్ని తుపాకీ ఇల్లు అనడానికి కారణం మా అటక మీద ఉంది. వెనకటి పెద్ద యుద్ధం రోజుల్లో ఘాటీ దారిలో మిలటరీ బండి ఒకటి లోయలో పడిందట. మనుషుల్ని తీసుకుపోయారు, సామాను తీసుకుపోయారు, ఒక్క తుపాకీ పొదల్లో ఉండిపోయింది. ఫల్గుణ తాత భీముడు అడ్డాకులు కోసుకోడానికి వెళ్ళి దాన్ని ఇంటికి తెచ్చాడు. అప్పట్నుంచీ వేటరోజు అడవి అంచున మా ఇంటివాళ్ళు ఒక్క గుండు గాల్లోకి పేల్చడం, ఆ చప్పుడు అయ్యాకే మిగతావాళ్ళు బాణం తియ్యడం ఆచారమైంది. కొన్నేళ్ళకి గుండ్లు అయిపోయాయి. ఆచారం మాత్రం అయిపోలేదు. మా మామ తుపాకీ పైకెత్తి నోటితోనే "ఢాం" అనేవాడట. ఆయన పోయాక ఫల్గుణ కూడా అలాగే "ఢాం" అంటూ వచ్చాడు. పెద్దాయన అంటే ఎవరూ నవ్వలేదు, ఈయన అంటే నవ్వారు.

"ఈ యేడు ఇది నిజంగా పేలాల కనకా," అన్నాడు ఫల్గుణ, తుపాకీని ఒళ్ళో పడుకోబెట్టుకుని. "నోటితో ఢాం అని నాననలేను. పేల్నేదంటే నాను ఏటకెల్లను, ఊల్లోనూ ఉండను."

ఆ మాట వేళాకోళానికి అనలేదు. అతని మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

అయితే అప్పట్లో మా కొండల్లో పోలీసులు తిరుగుతున్నారు, అన్నలూ తిరుగుతున్నారు. మిలటరీ తుపాకీతో కనిపిస్తే పోలీసులు నువ్వు అన్నల మనిషివంటారు, అన్నలు నువ్వు పోలీసుల మనిషివంటారు. కాగితం లేని తుపాకీ అటక మీద ఉన్నంతసేపు దేవుడు, భుజం మీదికి వచ్చిందంటే జైలు. అది పేలినా నాకు భయమే, పేలకపోయినా భయమే. పేలితే చేతిలోనే పేలిపోతుందని. పేలకపోతే ఈ మనిషి అన్నంత పనీ చేసి ఎటో వెళ్ళిపోతాడని.

తుపాకీని వేటకి పనికొచ్చేలా మార్చే కమ్మరి కోసం ఫల్గుణ తిరగని ఊరు లేదు. తుపాకీ తీసుకెళ్ళేవాడు కాదు, మట్టిలో పుల్లతో బొమ్మ గీసి చూపించేవాడు. పాడేరు వైపు ఒక కమ్మరి ఆ బొమ్మని కాలితో చెరిపేసి, తుపాకీల జోలికి పోనని ఠాణాలో వేలిముద్ర వేశాననీ, ఇప్పుడు కిటికీ చువ్వలే చేస్తున్నాననీ చెప్పాడట. డొంకరాయిలో డ్యాము మిషన్లు బాగుచేసిన ఒకాయన, పాత ఇనుప సామాన్ల కొట్టుకి వేసెయ్యమన్నాడట. ఆ మాటకి ఫల్గుణ రెండు రోజులు అన్నం తినలేదు. ఆఖరికి సంతలో ఎండుచేపలు అమ్మే మనిషి, పాచిపెంట పైన కొండల్లో రత్నాలు అనే ముసలి కమ్మరి ఉన్నాడనీ, సిపాయిల తుపాకీలని వేట తుపాకీలుగా మార్చడంలో వాడి తర్వాతే ఎవరైనా అనీ చెప్పాడు. అయితే బొమ్మలు చూసి మాట్లాడే రకం కాదట, తుపాకీ కళ్ళతో చూడాలట.

"నానొక్కన్నే ఎల్తాను," అన్నాడు ఫల్గుణ.

"ఎల్లు. తోవలో ఎవుడైనా ఆపి ఇదేటని అడిగితే ఏటి సెప్తావు?"

మా ఆయనకి అబద్ధం రాదు. అడిగితే నిజమే చెప్పి ఊరుకుంటాడు. అందుకని నేను కూడా బయల్దేరాను. తుపాకీ కొయ్యా ఇనుమూ విడదీశాం. కొయ్యని పాత నాగలి ముక్కల మధ్య కట్టుకుని అతను మోశాడు. ఇనుప గొట్టం కొండచీపుళ్ళ కట్ట నడిమిన పెట్టి, పైన నా ఎర్ర చీర అంచు చింపి ముడేసి, నేను నెత్తిన పెట్టుకున్నాను. చీపుళ్ళు మోసే ఆడదాన్ని మా కొండల్లో ఎవరూ ఆపరు. ఇద్దరం మొగుడూ పెళ్ళాల్లా కాకుండా, అతను ముందు, నేను వెనక, దూరం దూరంగా నడిచాం. అరకు సంత దగ్గర జీపు ఎక్కి, ఒరిస్సా కొండలు చుట్టి పాచిపెంట వైపు దిగాలని అనుకున్నాం.

పోలీసుల్ని తల్చుకుని వణికిన దాన్ని షావుకార్ల మనుషుల్ని మర్చిపోయాను. సంత రోజున వాళ్ళు ఊరి బయటే మలుపులో నిలబడతారు. కొండ మీంచి ఎవరు ఏం దించుకొచ్చినా, సంతదాకా రానివ్వకుండా నెత్తి మీంచే లాగేసుకుని, చేతిలో ఏదో కుక్కి పంపిస్తారు. నేను మలుపు తిరిగానో లేదో నా నెత్తి తేలికైపోయింది. అరచేతిలో నలిగిన నోట్లున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే, నా కట్ట ఒక గుమస్తా భుజం మీద ఊగుతూ పోతోంది.

"ఓయ్ బాబూ! అమ్మనండీ! అది అమ్మను!" అని అరుస్తూ వెంటపడ్డాను. అరవడం అక్కడ రోజూ ఉండేదే, ఎవరూ తిరిగి చూడలేదు. ముందున్న ఫల్గుణకి నా గొంతు వినిపించలేదు. జీపుల వైపు ఎవరో తరుముతున్నట్టు నడిచిపోతున్నాడు, మహానుభావుడు.

ఆ కట్ట సూర్యనారాయణ షావుకారు కొట్టుకి వెళ్ళింది. నేను గుమ్మం పట్టుకునేసరికి గుమస్తా కట్టలు ఒక్కొక్కటే కాటా మీద పెడుతున్నాడు. "నాలుగు కిలోలు," అంటాడు, కింద పడేస్తాడు. "నాలుగు," ఇంకోటి. నా ఎర్ర ముడి కట్ట వంతు వచ్చింది. లోపల ఇనుముంది, ఎత్తేటప్పుడే వాడి మెడ నరాలు పొంగాయి. కాటా ముల్లు గుంజుకుని ఎక్కడికో పోయింది. వాడు ముల్లు వైపు చూడనైనా చూడకుండా "నాలుగు," అన్నాడు.

మా కొండవాళ్ళని ఆ కాటా ఎన్నేళ్ళుగా ముంచిందో నాకు తెలుసు. అది నాకు మేలు చేసింది మాత్రం ఆ ఒక్కరోజే.

"సావుకారు బాబూ, ఆ ఎర్ర ముడి కట్ట ఇచ్చీండి. మీ డబ్బులు మీరు తీసుకోండి," అన్నాను.

షావుకారు కళ్ళజోడు పైకి నెట్టి నన్ను చూశాడు. ఇచ్చిన డబ్బు తిరిగి ఇచ్చే కొండమనిషిని ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. "ఎందుకే? ఏముంది అందులో?" అన్నాడు, కట్ట వైపు చెయ్యి చాపుతూ.

ఇంకాస్త ఆలస్యమైతే ఆ చెయ్యి ఇనుముకి తగిలేది. నా నోటికి ఏ దేవత తోడొచ్చిందో గానీ, "ముట్టకండి బాబూ! మా ఇంట్లో పురిటి మైల. పురిటి గదిలో కూకుని కట్టిన కట్టది. మైల తీరకుండానే తెచ్చేసినాను," అన్నాను. మా ఇంట్లో పిల్లలే లేరు.

లోపల్నించి షావుకారు భార్య అన్నపూర్ణమ్మ పరుగెత్తుకొచ్చింది. "మైల చీపురా! లక్ష్మీదేవి ఉండే కొట్లోనా! ఏవండీ, మీరు వెనక్కి జరగండి. ఒసేయ్, తియ్యవే ముందు, తీసి బయట పడెయ్! పసుపునీళ్ళు తెండర్రా!"

నేనే ఎత్తుకున్నాను. నేను గుమ్మం దాటుతుంటే నా అడుగుల వెనకాలే పసుపునీళ్ళు చల్లింది, మహాతల్లి. జీపుల దగ్గర ఫల్గుణ నా కోసం అటూ ఇటూ తిరిగి దుమ్ము రేపుతున్నాడు. "ఎక్కడికి పోనావే?" అని అతనే నన్ను కసురుకున్నాడు. ఆ కట్ట అతని నెత్తిన వెయ్యాలనిపించింది. కట్టని జీపులోకి తోసి, దాన్ని ఆనుకునే కూర్చున్నాను.

రత్నాలు కొలిమి పాచిపెంట పైన కొండవాలులో, ఊరికి విడిగా ఉంది. మేం వెళ్ళేసరికి కొడవలికి పళ్ళు తీస్తున్నాడు. తుపాకీ ముందు పెట్టాం. అతను ఎడం చేత్తో గొట్టం అందుకున్నప్పుడు చూశాను. ఆ చేతికి బొటనవేలూ చిటికెనవేలూ తప్ప ఏం లేవు. మధ్యలో నున్నటి చర్మం.

గొట్టంలోంచి వెలుతురు వైపు చూశాడు. గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "సిపాయి గుండు మీకు దొరకదు. మందు కూరి ఇనప రవ్వలేసి కొట్టుకునే లాగ మారుత్తాను," అన్నాడు.

ఫల్గుణ మొహం వెలిగిపోయింది. "బేగి సెయ్యి తాతా! పండగ ముంచుకొత్తంది!"

"ఆగరా గుంటడా. ఇనుము ముసిల్దైపోనాది. మనిసి ముసిలోడైతే దగ్గుతాడు, మనకి తెలుత్తాది. ఇనుము దగ్గదు." తన ఎడం చెయ్యి నా వైపు తిప్పాడు. "సూసినావా అమ్మీ? ఇది నాను సేసిన తుపాకీయే. నాకు ఏల్లు పోనాయి. ఇంకొకడికి మనిసే పోనాడు, ఆడి పెల్లాం ఇక్కడే, నువ్వు కూకున్న కాడే కూకుని ఏడిసింది. అప్పటికాన్నుంచి పెల్లాం సరేనంటేనే నాను కొలిమి ఊదుతాను. సెప్పు."

ఫల్గుణ నా వైపు చూడలేదు. బొటనవేలితో నేల తవ్వుతున్నాడు. వద్దంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఇంటికి వస్తాడు, రెండ్రోజులు ఉంటాడు, మళ్ళీ మట్టిలో బొమ్మలు గీసుకుంటూ పోతాడు. నాకు రత్నాలు మీదా, ఆ తుపాకీ మీదా, లోయలో పడ్డ ఆ మిలటరీ బండి మీదా ఒళ్ళు మండింది.

"సేసీ తాతా," అన్నాను. "నువ్వు సెయ్యకపోతే ఈయన ఇంకో కమ్మర్ని ఎతుక్కుంటాడు. ఆడు నీలాగ నన్నడగడు."

రత్నాలు తలూపి కొలిమి తిత్తి అందుకున్నాడు. పని అయ్యేదాకా ఆ చూరు కిందే ఉన్నాం. పొద్దస్తమానం ఆకురాయి చప్పుడు. ఫల్గుణ కొలిమి చుట్టూ తిరుగుతుంటే రత్నాలు రెండుసార్లు బెదిరించి పంపేశాడు. పని ముగిశాక తుపాకీని ఒక మద్దిచెట్టుకి గట్టిగా కట్టి, మీటకి పొడుగాటి నారతాడు ముడేసి, మమ్మల్ని బండరాయి వెనక పడుకోబెట్టి తాడు లాగాడు. కొండ అదిరింది. ఫల్గుణ లేచి చిన్నపిల్లాడిలా గెంతాడు. "ఢాం! ఇన్నావా కనకా, ఢాం!"

రత్నాలు తీరిగ్గా తాడు విప్పి, చుట్ట చుట్టి, దాన్ని నా చేతిలో పెట్టాడు. "తుపాకీ ఆడిది, తాడు నీది. పండగనాడు కూడా మొదటి గుండు ఇలాగే పేల్చమను. ఒక పాలి నిలబడ్డాదని రెండో పాలి నిలబడతాదని నాను సెప్పలేను." కూలి అడిగితే, పడిన మొదటి జంతువు తొడ పంపమన్నాడు. అది అక్కడి కమ్మర్ల రివాజట.

తిరుగు దారి పొడుగునా ఫల్గుణ ఆ తాడు మీదే కారాలూ మిరియాలూ నూరాడు. "మేకలాగ తుపాకీని సెట్టుకి కట్టమంటాడా? ఊరంతా సూత్తండగా బండ ఎనక దాక్కోవాలా? గాసిగాడు సచ్చిందాకా సెప్పుకుంటాడు." ఆ తాడు నా నడుముకి చుట్టుకునే ఇల్లు చేరాను.

పండగ వేటరోజు పొద్దున్నే తుపాకీకి పసుపు రాసి నిసాని రాయి ముందు పెట్టారు. ఫల్గుణ బయల్దేరబోతుంటే నా నడుం తాడు విప్పి అతని నడుముకి కట్టాను. కడుతున్నంతసేపూ అతను అడవి వైపే చూశాడు.

"కడతావా మావా?" అన్నాను.

"ఒగ్గే, టైమైపోతంది," అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఇంట్లో ఏ పనీ సాగలేదు. చోళ్ళు తిరగట్లో పోసి తిప్పడం మర్చిపోయాను. నీళ్ళకి వెళ్ళి ఖాళీ బిందెతో వచ్చాను. ఇన్నాళ్ళూ కాలు నిలవదని మొగుణ్ణి తిట్టినదాన్ని, నేనే గుమ్మానికీ దారికీ మధ్య తిరిగాను. అప్పుడు వినిపించింది చప్పుడు. రత్నాలు కొండ మీద మేం విన్న చప్పుడు కాదు. అది గుండ్రంగా ఉంది, ఇది చిరిగినట్టుంది. మా అత్త చేటలో చెరుగుతున్న సామలు కింద పెట్టింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"పేడ కలుపు," అంది అత్త. "ఆచారం ఆచారమే. కలుపు."

కలిపాను. కలిపిన పేడే మళ్ళీ మళ్ళీ కలిపాను. ఎండ కాఫీ తోటల అవతలికి జరిగింది. డప్పు మోగలేదు. ఊరి మొగదల ఆడవాళ్ళందరూ కుండలతో చేరారు, మొదట్లో వేళాకోళాలు ఆడారు, తర్వాత ఊరుకున్నారు. గాసి పెళ్ళాం నా పక్కకి జరిగి నిలబడింది. ఆవిడ నన్ను చూసి జాలి పడుతోందని తెలిసి ఇంకా భయం వేసింది.

పొద్దు వాలుతుండగా మగవాళ్ళు దిగారు. జంతువు లేదు, డప్పు లేదు. ముందు నడుస్తున్నది గాసి. మా ఇంటివాడు నడవాల్సిన చోట గాసి నడుస్తున్నాడు.

"ఆయనేడీ?" అని ఎదురెళ్ళాను.

"ఎనకాలొత్తన్నాడు," అని గాసి తల దించుకున్నాడు. నేను నమ్మలేదు. ఎనకాలొత్తన్నాడని మోసుకొచ్చే మనిషి గురించి కూడా అంటారు. నా కళ్ళ ముందు రత్నాలు చెయ్యి కనిపించింది. వరసలో మనుషులు ఒక్కొక్కరే నన్ను దాటి పోతున్నారు, అందరూ నేల చూపులే.

అందరి వెనకా ఫల్గుణ వచ్చాడు. తన కాళ్ళ మీదే వచ్చాడు. మొహం నిండా మసి. తుపాకీ లేదు. నడుముకి సగం తాడు వేలాడుతోంది, దాని కొస కాలి ఉంది.

గాసి అప్పుడు చెప్పాడు. "సెట్టుకి కట్నాడొదినా. మేం నవ్వినాం. మేకకి గడ్డెయ్యరా అని నానే అన్నాను. బండెనక్కెల్లి లాగినాడు. ముక్కలైపోనాది. ఇనుము సెట్టులో బెత్తెడు దిగిపోనాది. ఆ సప్పుడికి మూడు కొండల్లో పిట్ట మిగల్నేదు, ఇంక ఏట ఎక్కడిది? ఈడు కూకుని ముక్కలన్నీ ఏరి, ఆల్ల తాత తెచ్చిన లోయలోనే పడేసొచ్చినాడు."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ కుండ ఎత్తలేదు. మొదటి కుండ నాది.

"సూత్తావేటే? పొయ్యి," అంది మా అత్త వెనక నుంచి.

కుండ ఎత్తాను. "ఏటి మావా," అన్నాను. ఎగతాళి చెయ్యాలి కదా, చేశాను. "తుపాకీ ఇంటోడివి. ఉత్త సేతుల్తో వచ్చినావేటి?"

ఫల్గుణ రెండు చేతులూ నా ముందుకి చాపి, మసి పట్టిన వేళ్ళన్నీ విప్పి చూపించాడు.

"ఉత్త సేతులే," అన్నాడు. "రెండూ తెచ్చినాను."

కుండెడు పేడా అతని నెత్తిన కుమ్మరించాను. అది చాల్లేదు. గాసి పెళ్ళాం చేతిలో కుండ లాక్కుని, ఏడుస్తూ అది కూడా పోసేశాను.